ట్రేడ్ డీల్ మీద సంతకం పడకముందే దాన్ని పట్టుకోవడం ఎలా

టీవీలో రెండు దేశాల మంత్రులు ఫైళ్లు మార్చుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటున్నారంటే మనం అడగాల్సిన టైం అప్పటికే దాటిపోయినట్టే. ఆ రాత్రి డిబేట్లలో ఎవరెంత గొంతు చించుకున్నా ఆ కాగితంలో ఒక్క కామా కూడా మారదు. ఎఫ్‌టీఏ, సెపా, టెపా, సెటా, ఈ ట్రేడ్ డీల్స్‌కి పేరేదైనా కానివ్వండి, లోపల ఉండేది సుంకాల లెక్క ఒక్కటే కాదు, ఏ కొండ తవ్వాలి, ఏ వలతో చేపలు పట్టాలి, మందుల మీద పేటెంట్ ఎన్నాళ్లు, రేపు మన రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో వెనక్కి తీసుకుంటే దానికి ఎవడికి ఎన్ని కోట్లు కట్టాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ఇది లాయర్ల సబ్జెక్టు మనకెందుకులే అనుకుంటాం గానీ, పద్ధతి తెలిస్తే మామూలు మనిషి కూడా రెండు మూడు సాయంత్రాలు కూర్చుని ముఖ్యమైన ముక్కలు చదివేయొచ్చు. ఎక్కడ చూడాలి, ఏ వరసలో చదవాలి, ఎవరిని ఏ మాటతో అడగాలి, ఇదే చెప్పబోతున్నా.

మొదట పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీసి యూనియన్ లిస్టులో 14వ ఎంట్రీ చూడండి, విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చేయడం కేంద్రం పని అని ఉంటుంది. దాని మీద పార్లమెంటు చట్టం చేయొచ్చు, కానీ వాణిజ్య ఒప్పందం ఏ పద్ధతిలో కుదుర్చుకోవాలి, ఎవరి ఆమోదం కావాలి అని చెప్పే చట్టం ఇన్నేళ్లలో చేయలేదు. చట్టం లేదు కాబట్టి ఆర్టికల్ 73 ప్రకారం ఆ పవర్ కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది, అంటే ప్రాక్టికల్‌గా కేబినెట్ చేతిలో. కామర్స్ మినిస్ట్రీ ఆఫీసర్లు బేరం ఆడతారు, కేబినెట్ ఓకే అంటుంది, సంతకం పడిపోతుంది. లోక్‌సభలో ఓటింగ్ ఉండదు, రాజ్యసభలో ఉండదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఇదే తంతు, 2009లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) డీల్ ఇలాగే అయింది, 2022లో యూఏఈ, ఆస్ట్రేలియా డీల్స్ కూడా ఇలాగే అయ్యాయి, కాబట్టి దీన్ని పార్టీ గొడవ చేసుకోవద్దు.

పైగా ఆర్టికల్ 253 ఒకటుంది. ఒప్పందం అమలు చేయాలంటే రాష్ట్రాల లిస్టులో ఉన్న విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేసేయొచ్చు. వ్యవసాయం రాష్ట్రాల లిస్టులో ఉంది, చేపల పరిశ్రమ కూడా అందులోనే ఉంది, నీళ్లూ భూమీ కూడా. అయినా పంట మీద బేరం ఢిల్లీలో జరుగుతుంది, అమరావతినో హైదరాబాద్‌నో అడిగి తీరాలన్న రూలేమీ లేదు. అడిగితే వాళ్ల మంచితనం అనుకోవాలి.

ఒక్క సందు ఉంది. డీల్ కోసం మన దేశంలో ఏదైనా చట్టం మార్చాల్సి వస్తే ఆ బిల్లు పార్లమెంటుకి రాక తప్పదు. డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) రూల్స్ కోసం పేటెంట్ల చట్టాన్ని 2005లో సవరించినప్పుడు అదే జరిగింది, ఆ టైంలోనే సెక్షన్ 3(డి)కి ఇప్పుడున్న రూపం వచ్చింది, పాత మందుకి చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ కొట్టేసే వేషాలు కుదరవని దాని సారాంశం, 2013లో నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసు సుప్రీంకోర్టులో వీగిపోయింది దాని వల్లే. అందుకని ఏ డీల్ వార్త చూసినా మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: దీని కోసం మన చట్టం ఏదైనా మారాలా? మారాలంటే పార్లమెంటులో మాట్లాడే ఛాన్స్ ఉంది. అక్కర్లేదంటే మీకున్న టైమంతా సంతకానికి ముందే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు మాకైతే కాంగ్రెస్ ఉంది కదా అంటుంటారు. కాగితం మీద నిజమే, వాళ్ల రాజ్యాంగం ఆర్టికల్ 1 సెక్షన్ 8 ప్రకారం విదేశీ వ్యాపారం మీద, సుంకాల మీద పవర్ కాంగ్రెస్‌దే. కానీ 1974 ట్రేడ్ యాక్ట్‌తో ఫాస్ట్ ట్రాక్ అని ఒకటి పెట్టుకున్నారు, ప్రెసిడెంట్ మనుషులు డీల్ మొత్తం వండి తెస్తారు, కాంగ్రెస్ దానికి అవును అనాలి లేదా కాదు అనాలి, మధ్యలో సవరణ పెట్టడానికి లేదు, చర్చకి కూడా ఇన్ని గంటలే అని లిమిట్. ఫుల్ మీల్స్ విస్తరి ముందు పెట్టి తింటే మొత్తం తిను లేకపోతే లే అన్నట్టు, పప్పులో ఉప్పు ఎక్కువైంది మార్చండి అనడానికి ఉండదు. నాఫ్టా, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల డీల్, 1993 నవంబర్‌లో హౌస్‌లో (వాళ్ల దిగువ సభ) 234-200 తేడాతో పాసైంది అలాగే, 2005లో సెంట్రల్ అమెరికా డీల్ అయితే 217-215, రెండంటే రెండు ఓట్లు. టీపీపీ (పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాల డీల్) బేరాల టైంలో కాంగ్రెస్ మెంబర్లకే డ్రాఫ్ట్ చూడాలంటే క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం) కింద ఒక గదిలోకి వెళ్లి చదువుకోవాల్సొచ్చింది, రాసుకున్న నోట్స్ బయటికి తీసుకురావడానికి లేదు. ఓటేసి గెలిపించిన వాడికే ఆ గతి అయితే ఓటరు సంగతి చెప్పేదేముంది.

2015లో ఇచ్చిన ఆ ఫాస్ట్ ట్రాక్ పవర్ 2021 జులై 1తో గడువు అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో దారి తెరుచుకుంది, 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి చేరింది, కాంగ్రెస్‌లో ఒక్క ఓటు కూడా పడకుండా, ఎమర్జెన్సీ పవర్స్ పేరుతో, ప్రెసిడెంట్ ఆర్డరు మీద. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకి కౌంట్ రేటు ఎందుకు పడిపోయిందో అర్థం కావాలంటే అక్కడి కాంగ్రెస్‌కి ఉండాల్సిన పవర్ ఎవరి చేతిలోకి జారిందో కూడా తెలియాలి మరి.

బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ఒకటుంది, ఒప్పందాన్ని ఆమోదించే ముందు పార్లమెంటు ముందు, సభ జరిగే రోజుల లెక్కన 21 రోజులు పెట్టాలి. గట్టి అధికారమేం కాదు, కానీ చదవడానికి టైం దొరుకుతుంది. యూరప్‌లో అయితే యూరోపియన్ పార్లమెంటు సరే అనాలి. ఇవి ఎందుకు చెప్తున్నానంటే మన డీల్ టెక్స్ట్ వెతకడానికి ఇవే పనికొస్తాయి.

టెక్స్ట్ ఎక్కడ దొరుకుతుంది

సంతకమైన డీల్స్ అన్నీ కామర్స్ మినిస్ట్రీ వెబ్‌సైట్‌లో ట్రేడ్ అగ్రిమెంట్స్ సెక్షన్‌లో ఉంటాయి, ఇబ్బంది లేదు. సంతకం కాని వాటికే తంటా. మన వైపు నుంచి డ్రాఫ్టులు బయటపెట్టరు, ఎన్నో రౌండ్ అయింది, చర్చలు ఫలప్రదంగా సాగాయి అని నాలుగు లైన్ల ప్రెస్ నోట్ వస్తుంది, అంతే.

కాబట్టి అవతలి దేశం సైట్‌కి వెళ్లండి, నిజంగా ఇది చాలా మందికి తట్టని చిట్కా. మనతో బేరం 2022లో మళ్లీ మొదలైనప్పుడు యూరోపియన్ కమిషన్ తన వైపు ప్రతిపాదనలు చాప్టర్ల వారీగా తన సైట్‌లో పెట్టింది, మనల్ని వాళ్లేం అడుగుతున్నారో మన మినిస్ట్రీ కంటే ముందు బ్రస్సెల్స్‌లో ఉండే ఆ కమిషన్ వాళ్లే చెప్పారన్నమాట. ఆస్ట్రేలియాలో పార్లమెంటుకి ఒప్పందాల జాయింట్ కమిటీ ఉంది, మన డీల్‌ని 2022లో వాళ్లు విచారణకి పెట్టి, సంఘాలూ కంపెనీలూ పంపిన అభిప్రాయాలన్నీ బయటపెట్టారు. మెల్‌బోర్న్‌లోనో లండన్‌లోనో మీ వాళ్లుంటే ఇలాంటి కమిటీలకి వాళ్లు నేరుగా రాయొచ్చు, ఇక్కడి రైతు సంఘం మాట అక్కడి రికార్డులోకి ఎక్కించొచ్చు.

టైం లెక్క కూడా చూసుకోండి. బ్రిటన్ డీల్ బేరాలు 2022 జనవరిలో మొదలయ్యాయి, కుదిరిందని 2025 మే 6న చెప్పారు, సంతకం జులై 24న. బేరం నడిచిన మూడేళ్లకు పైగానే మనకి అడిగే టైం. కుదిరింది అన్నాక జరిగేది భాష సరిచూసుకోవడమే, అప్పుడు మెమొరాండం ఇచ్చినా ఫైల్లో పడుంటుంది. ముందే గట్టిగా అడిగితే ఆగుతుందా అంటే ఆగింది కూడా. ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల పెద్ద ట్రేడ్ డీల్‌లో ఏడేళ్లు బేరమాడాక 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ఇండియా మేం చేరం అనేసింది, అంతకుముందు నెలల పాటు పాడి రైతులు, డెయిరీ సహకార సంఘాలు న్యూజిలాండ్ పాలపొడి వస్తే మా గతేంటి అని దేశమంతా గోల చేశారు. అదొక్కటే కారణం అనను, చైనా సరుకు భయం కూడా ఉంది, కానీ పాడి రైతుల గోల లెక్కలోకి వచ్చింది.

చదివే వరస

ముందుమాట చదవొద్దు, అందులో సుస్థిర అభివృద్ధి, పరస్పర ప్రయోజనం లాంటి చక్కటి మాటలుంటాయి, వాటి వల్ల ఎవరికీ ఏదీ రాదు పోదు. నేరుగా చివరికి వెళ్లి టారిఫ్ షెడ్యూల్ తెరవండి. అది వందల పేజీలు ఉంటుంది, భయపడకండి, మీకు కావాల్సింది ఒకటో రెండో లైన్లు. ప్రతి సరుక్కీ ప్రపంచమంతా ఒకే నంబరు ఉంటుంది, మొదటి ఆరు అంకెలు ఏ దేశంలోనైనా అవే. ఎండుమిర్చి 0904 21, పసుపు 0910 30, పామాయిల్ 1511, రొయ్యలు 0306లో. ఆ నంబరుతో వెతికితే మీ లైను దొరుకుతుంది. అందులో మూడు చూడాలి: ఇప్పుడున్న సుంకం ఎంత, ఏ కేటగిరీలో పడేశారు, ఎన్నేళ్లలో ఎంతకి దిగుతుంది. అసలు తగ్గించం అని పక్కన పెట్టిన సరుకులకి వేరే లిస్టు ఉంటుంది, మీ పంట అందులో ఉంటే హాయిగా నిద్రపోవచ్చు.

పామాయిల్ లైను తీసుకుని చూద్దాం, మన దగ్గర ఏలూరు జిల్లా పెదవేగి నుంచి తెలంగాణలో అశ్వారావుపేట దాకా తోటలున్నాయి కాబట్టి. ఆసియాన్ డీల్‌లో ముడి పామాయిల్ మీద సుంకం 80 శాతం నుంచి దశలవారీగా 2019 చివరికి 37.5 శాతానికి దించుతామని మనం ఒప్పుకున్నాం. ఇండోనేసియా, మలేసియా రెండూ ఆ డీల్‌లో ఉన్నాయి. ఇప్పుడు గెలల ధర పడిందంటే ఆసియాన్ ఒప్పందమే ముంచింది అంటారు సభల్లో, అక్కడే ఆగి లెక్క చూడాలి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్ మీద బేసిక్ డ్యూటీ సున్నా నుంచి 20 శాతం చేసింది, 2025 మే 30 నోటిఫికేషన్‌తో మళ్లీ 10కి దించింది, సెస్సులతో కలిపితే 27.5 నుంచి 16.5కి వచ్చింది. ఒప్పందం ప్రకారం 37.5 దాకా వేసుకోవచ్చు, మనం వేసింది అందులో సగం కూడా కాదు. అంటే గెలల ధర తగ్గించిన పెన్ను జకార్తాలో లేదు, కౌలాలంపూర్‌లో లేదు, మన ఫైనాన్స్ మినిస్ట్రీలోనే ఉంది, కస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద ఒక్క నోటిఫికేషన్‌తో అయిపోయే పని, సాయంత్రం సంతకం పెడితే తెల్లారేసరికి అమలు.

ఇందులో రెండు నేర్చుకోవాలి. ఒకటి, కోపం తెచ్చుకునే ముందు అది ఒప్పందం పనా, నోటిఫికేషన్ పనా తేల్చుకోండి, లేకపోతే తప్పు ఆఫీసు ముందు ధర్నా చేస్తాం. రెండోది, సుంకం తగ్గితే వంటింట్లో నూనె ప్యాకెట్ చవకవుతుంది నిజమే, కానీ ఆ చవక బోర్నియో, సుమత్రా అడవుల మీద పడుతుంది, సుంకం పెంచితే ఇక్కడ వరి, చెరకు తీసేసి తోటలు వేసి బోర్లు తోడేస్తాం, ఆ ఖర్చు మన భూగర్భ జలాల మీద పడుతుంది. రెండు వైపులా ఉన్న ఈ ఖర్చుని ఏ టారిఫ్ షెడ్యూల్లోనూ రాయరు. అది మీరు అడగాల్సిందే.

తర్వాత ఇన్వెస్ట్‌మెంట్. కొన్ని డీల్స్‌లో ఇది ఒక చాప్టర్‌గా ఉంటుంది, మనకి ఎక్కువగా విడిగా పెట్టుబడుల ఒప్పందాలుగా ఉన్నాయి, పేపర్లలో వీటి గురించి రెండు ముక్కలు కూడా రావు, నన్నడిగితే ప్రజాస్వామ్యానికి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. విశాఖ మన్యం కథ చూడండి. జెర్రెల వైపు బాక్సైట్ కోసం 2007లో అప్పటి ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థతో ఎంఓయూ చేసుకుంది, మాకవరపాలెం దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీ కట్టారు. కొండల్లో గిరిజనులు ఒప్పుకోలేదు, ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు, 2015లో బాక్సైట్ తవ్వకాలకి దారిచ్చే జీవో 97 వచ్చినప్పుడైతే మన్యం అట్టుడికిపోయింది, ఆఖరికి రాష్ట్రం బాక్సైట్ ఇచ్చే ఒప్పందాన్ని 2016లో రద్దు చేసింది. జనం అడిగారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఇంతవరకూ బానే ఉంది కదా. అదే ఏడాది డిసెంబర్‌లో ఇండియా-యూఏఈ పెట్టుబడుల ఒప్పందం కింద భారత ప్రభుత్వానికి అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చింది, నాలుగు కోట్ల డాలర్ల పైచిలుకు నష్టపరిహారం కావాలని. ఆ ఒప్పందం సంతకమైంది 2013 డిసెంబర్‌లో, అంటే ఎంఓయూ అయిన ఆరేళ్లకి, ఆ సంతకం పడే రోజున ఆ కొండలున్న చింతపల్లిలో ఎవరికైనా తెలుసా? అసెంబ్లీలో ఎవరికైనా తెలుసా?

నాఫ్టా కింద మెక్సికోలో కూడా ఇలాంటిదే జరిగింది. గ్వాదల్‌కాసార్ అనే చిన్న మున్సిపాలిటీ విషవ్యర్థాల డంపింగ్ సైట్‌కి కట్టుబడి పర్మిషన్ ఇవ్వనంది, అమెరికా కంపెనీ మెటల్‌క్లాడ్ కేసు వేసింది, 2000లో ట్రిబ్యునల్ మెక్సికోని కోటీ అరవై లక్షల డాలర్లకి పైగా కట్టమంది, తర్వాత కెనడా కోర్టులో కొంత భాగం కొట్టేశారు గానీ చాలావరకు నిలబడింది. పర్మిషన్ కాదనింది మున్సిపాలిటీ, డబ్బు కట్టాల్సింది దేశం మొత్తం.

కాబట్టి ఇన్వెస్ట్‌మెంట్ ముక్కలో ఇవి వెతకండి. కంపెనీ నేరుగా దేశం మీద కేసు వేయొచ్చా? వేసే ముందు మన కోర్టుల్లో ఎన్నేళ్లు తిరగాలి? 2015 మోడల్ ఒప్పందంలో మన ప్రభుత్వమే ఐదేళ్లు అని గట్టిగా పెట్టుకుంది, యూఏఈతో 2024లో చేసుకున్న కొత్త దాంట్లో మూడేళ్లకి దిగింది, ఆ రెండేళ్లు ఎందుకు వదులుకున్నాం అని అడగడం పూర్తిగా న్యాయమైన ప్రశ్న. ఇంకోటి, వేరే దేశానికి ఇచ్చిన మంచి షరతు మాకూ ఇవ్వాలి అనే క్లాజు ఉందా? ఆస్ట్రేలియా బొగ్గు కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ 2011లో మన మీద గెలిచింది ఆ క్లాజు పట్టుకునే, ఇండియా-కువైట్ ఒప్పందంలో ఉన్న లైను తెచ్చి వాడుకుంది. ఆ దెబ్బతోనే మన వాళ్లకి తెలివొచ్చి పాత ఒప్పందాలు రద్దు చేసే పని మొదలైంది.

మూడోది మినహాయింపులు. చాలా డీల్స్‌లో గాట్ (సరుకుల వ్యాపారం మీద డబ్ల్యూటీఓ మూల ఒప్పందం) 20వ ఆర్టికల్ ఇక్కడ కూడా వర్తిస్తుంది అని ఒక లైను ఉంటుంది, మనుషుల, జంతువుల, మొక్కల ప్రాణరక్షణ కోసం, తరిగిపోయే సహజ వనరుల కోసం రూల్స్ పెట్టుకోవచ్చని దాని అర్థం. అది ఉందా లేదా, గూడ్స్‌కే ఉందా, ఇన్వెస్ట్‌మెంట్‌కి కూడా ఉందా చూడండి. ఈ ఆర్టికల్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే రొయ్యలు-తాబేళ్ల కేసు కంటే మంచి ఉదాహరణ లేదు. తాబేలు బయటికి పోయే ఏర్పాటున్న వల వాడకపోతే మీ రొయ్య మాకొద్దు అని అమెరికా చట్టం చేసింది, ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి డబ్ల్యూటీఓలో కేసు వేశాయి. 1998లో అప్పిలేట్ బాడీ (డబ్ల్యూటీఓలో అప్పీళ్లు వినే బెంచ్) ఏమందంటే తాబేళ్లని కాపాడుకోవడం తప్పు కాదు, కానీ కరీబియన్ దేశాలకి మూడేళ్ల టైం, సాయం ఇచ్చి ఆసియా వాళ్లకి నాలుగు నెలలే ఇవ్వడం తప్పు అంది. అమెరికా పద్ధతి మార్చుకుంది, చట్టం మాత్రం నిలబడింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యని వాళ్లు తీసుకోవట్లేదు ఆ వల గొడవ వల్లే, చెరువుల్లో పెంచిన వనామీకి మాత్రం ఆ నిషేధం లేదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది మన తీరం మీద కూడా, వలలో పడి చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చేవి మన బీచుల్లోనే, అయినా ఆ రూలు మన అసెంబ్లీ నుంచి కాకుండా వాషింగ్టన్ నుంచి రావాల్సొచ్చింది, అది మాత్రం నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

సోలార్ కేసులో మనమే ఓడిపోయాం. నేషనల్ సోలార్ మిషన్‌లో ఇక్కడ తయారైన ప్యానెళ్లే కొనాలన్న షరతు పెట్టాం, అమెరికా కేసు వేసింది, వాతావరణం కోసం చేశాం మహాప్రభో అన్నా 2016లో అప్పిలేట్ బాడీ వినలేదు. అమెరికా రాష్ట్రాల ఇలాంటి స్కీముల మీద మనం వేసిన కేసులో 2019లో డబ్ల్యూటీఓ ప్యానెల్ (కేసు మొదట వినే బెంచ్) దగ్గర గెలిచాం. అందరూ ఒకళ్ల పచ్చ స్కీములు ఒకళ్లు కొట్టేసుకోవడమే అయింది.

ఇక పర్యావరణం అనో సుస్థిర అభివృద్ధి అనో పేరు పెట్టిన చాప్టర్. కొత్త డీల్స్‌లో ఇది వస్తోంది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో 2024 మార్చిలో సంతకమై 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టెపాలో ఉంది, బ్రిటన్ డీల్‌లో ఉంది. చదివితే చాలా బాగుంటుంది. చదివాక నేరుగా వివాదాల పరిష్కారం చాప్టర్‌కి వెళ్లి, పర్యావరణ చాప్టర్ మీద కేసు వేసే హక్కు ఉందా లేదా చూడండి. టెపాలో లేదు. మన ప్రభుత్వం కావాలనే అలా పెట్టించుకుంది, ఎందుకంటే పర్యావరణం పేరు చెప్పి యూరప్ వాళ్లు మన సరుకు ఆపుతారని భయం, స్టీలు, అల్యూమినియం మీద కార్బన్ పన్ను చూశాక ఆ భయం ఉత్తుత్తిది అనలేం. కానీ సుంకం తప్పితే కేసు, అడవి పోతే చర్చలు అన్న తేడా మాత్రం మీ కంటికి కనపడాలి.

మేధో హక్కుల చాప్టర్‌లో ఒక్కటే వెతకండి, డేటా ఎక్స్‌క్లూజివిటీ అనే మాట, అంటే మందు మొదట తెచ్చిన కంపెనీ పరీక్షల డేటాని కొన్నేళ్లు వేరేవాళ్లు వాడుకోకూడదనే షరతు. అది ఉంటే జెనరిక్ మందులు ఆలస్యం అవుతాయి, హైదరాబాద్ ఫార్మా వాళ్లే దీని మీద గట్టిగా చూసుకుంటుంటారు, మీరు ఎక్కువ కష్టపడక్కర్లేదు.

ఎవరిని, ఎలా అడగాలి

మీ ఎంపీతో మొదలుపెట్టండి. ఎంపీని కలిసి ఈ డీల్ వద్దు అంటే నవ్వి టీ ఇచ్చి పంపిస్తారు. అదే ఒక ప్రశ్న టైప్ చేసి చేతిలో పెడితే పని జరుగుతుంది, పార్లమెంటు సెషన్‌లో నోట్లో మాటకి సమాధానం చెప్పే ప్రశ్నలు రోజుకి 20 అయితే రాతపూర్వకంగా సమాధానం ఇచ్చేవి లోక్‌సభలో 230 దాకా ఉంటాయి, మీరు రెండోది అడగండి, అది వచ్చే ఛాన్స్ ఎక్కువ. సమాధానం పార్లమెంటు సైట్‌లో ఎప్పటికీ ఉంటుంది. సెషన్‌కి కనీసం మూడు వారాల ముందు ఇవ్వండి, నోటీసుకే పదిహేను రోజులు పోతాయి. ప్రశ్న ఇలా ఉండాలి:

"ఫలానా దేశంతో జరుగుతున్న వాణిజ్య చర్చల్లో 1511 కింద వచ్చే సరుకుల మీద సుంకం తగ్గింపు ప్రతిపాదన ఉందా, ఉంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల అభిప్రాయం ఏ తేదీన అడిగారు, వాళ్లేం చెప్పారు, పర్యావరణం మీద ప్రభావం గురించి ఏదైనా స్టడీ చేయించారా, చేయిస్తే దాని కాపీ సభ ముందు పెడతారా?"

అవును కాదు అని తప్పించుకోవడానికి వీల్లేకుండా తేదీ, కాపీ అడుగుతున్నాం చూడండి, అక్కడే ఉంది కిటుకు. ఎంపీ అధికార పక్షమా ప్రతిపక్షమా అని చూడొద్దు, రాతపూర్వక ప్రశ్న వేయడానికి రెండు వైపుల వాళ్లూ వెనకాడరు, పైగా నియోజకవర్గం పంట గురించి అడిగారని పేరు కూడా వస్తుంది.

కామర్స్ మీద పార్లమెంటు స్టాండింగ్ కమిటీ ఒకటుంది, రెండు సభల వాళ్లు 31 మంది ఉంటారు. ఏదైనా సబ్జెక్ట్ తీసుకున్నప్పుడు మెమొరాండాలు పంపమని ప్రకటన ఇస్తారు, దానికి రైతు సంఘమో మత్స్యకార సొసైటీనో లెటర్‌హెడ్ మీద రెండు పేజీలు పంపితే రికార్డులోకి వెళ్తుంది. పది పేజీలు పంపొద్దు, ఎవరూ చదవరు.

ఆర్‌టీఐ సంగతి. పది రూపాయలు ఫీజు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చర్చల్లో మన పొజిషన్ ఏంటో కాపీ ఇవ్వండి అని అడిగితే సెక్షన్ 8(1)(ఏ), విదేశీ సంబంధాలు దెబ్బతింటాయి అని ఒక్క లైనుతో తిప్పి పంపుతారు, అందులో అనుమానమే లేదు. కాబట్టి రహస్యం కాని వాటిని అడగండి: ఏ ఏ సంఘాలతో ఏ తేదీల్లో సంప్రదింపులు జరిపారు, పిలిచిన వాళ్ల లిస్టు, రాష్ట్రాలకి రాసిన లెటర్ల తేదీలు, రాష్ట్రాల నుంచి వచ్చిన జవాబులు, ఏదైనా సంస్థకి స్టడీ అప్పగిస్తే దాని పేరు, ఖర్చు. ఈ లిస్టు బయటికొస్తేనే బేరాల గదిలో ఎవరి మాట చెల్లుతోందో తెలిసిపోతుంది, ఇండస్ట్రీ ఛాంబర్లతో ఎన్ని మీటింగులు, చేపల వాళ్లతో ఎన్ని అని పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్లికేషన్ చివర సెక్షన్ 4(1)(సీ) రాయండి, జనం మీద ప్రభావం పడే ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడు వాటి వివరాలు తమంతట తామే బయటపెట్టాలని అందులో ఉంది. కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అందులో 8(2) ప్రజాప్రయోజనం అని పెట్టండి, అదీ కాదంటే 90 రోజుల్లో సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్‌కి.

రాష్ట్రంలో కూడా ఇదే ఆర్‌టీఐ వ్యవసాయ శాఖకి, మత్స్యశాఖకి, పరిశ్రమల శాఖకి వేయండి. కేంద్రం నుంచి ఈ డీల్ గురించి లెటర్ వచ్చిందా, మీరేం జవాబిచ్చారు అని. అసలు జవాబే ఇవ్వలేదని తేలితే అది ఇంకా పెద్ద వార్త, లోకల్ రిపోర్టర్‌కి ఇవ్వండి, మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి, అసెంబ్లీలో అడగమనండి.

సంతకం అయిపోయాక కూడా చూడాల్సినవి

ఒప్పందం అమల్లోకి వచ్చాక దాన్ని నడిపేది జాయింట్ కమిటీ, రెండు వైపుల ఆఫీసర్లు ఉంటారు. కొన్ని మార్పులు ఈ కమిటీ స్థాయిలోనే అయిపోతాయి, ఆ క్లాజు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి, దాని మీటింగ్ తేదీలు కూడా ఆర్‌టీఐలో అడగొచ్చు. దిగుమతులు ఒక్కసారి వరదలా వస్తే సుంకం మళ్లీ పెంచుకునే సేఫ్‌గార్డ్ క్లాజు ఉంటుంది, అది ఎన్నేళ్ల వరకు వాడుకోవచ్చో చూడండి, గడువు దాటితే అది ఉన్నా లేనట్టే. రివ్యూ క్లాజు ఉంటే ఆ రివ్యూ మొదలయ్యే ముందు మళ్లీ ఎంపీ ప్రశ్న, మళ్లీ ఆర్‌టీఐ, ఈసారి మీ దగ్గర పాత జవాబులు ఉంటాయి కాబట్టి పని తేలిక.

ఆఖర్న రద్దు క్లాజు చదవండి. ట్రేడ్ డీల్స్‌లో ఇన్ని నెలల ముందు నోటీసిచ్చి బయటికి రావొచ్చని ఉంటుంది. పెట్టుబడుల ఒప్పందాల్లో అంత సులువు కాదు, పాత వాటిలో చాలా వరకు రద్దు చేశాక కూడా అప్పటికే పెట్టిన పెట్టుబడులకి ఇంకో పదేళ్లో పదిహేనేళ్లో రక్షణ కొనసాగుతుంది, 2016-17లో మన ప్రభుత్వం 58 దేశాలకి రద్దు నోటీసులిచ్చినా ఆ తోక ఇంకా ఉంది అందుకే. ఏదైనా గని, పోర్టు, ఫ్యాక్టరీ మీ ఊరికి వస్తుందంటే గ్రామసభకి వెళ్లే ముందు ఆ కంపెనీ డబ్బు ఏ దేశం నుంచి వస్తోంది, ఆ దేశంతో మన ఒప్పందం ఏ ఏడాది వరకు బతికుంటుంది అని చూసి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ కూర్చున్న ఆఫీసర్‌ని ఆ ఏడాది గురించే అడగండి.